రెండు లైన్ల జగన్నాధం

ఆ ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి అరసవల్లి గుడి కౌంటరు దగ్గర జగన్నాధం రెండు అర్చన టికెట్లు కొన్నాడు. ఒకటి తన పేరు మీద, రెండోది భార్య హైమ పేరు మీద. కౌంటరులో కూర్చున్నాయన కొత్తగా వచ్చినవాడు.

"దంపతులకి ఒక టికెట్టు సాలు బాబూ" అన్నాడు.

"సాలు. అయినా రెండియ్యండి."

"గోత్రం ఒకటే కదేటి?"

"గోత్రం ఒకటే. టికెట్లు రెండు."

వెనక వరసలో ఉన్నవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. జగన్నాధం సంగతి అరసవల్లిలో అందరికీ తెలుసు. ఆయనకున్నది ఒక్కటే పిచ్చి. కాగితం మీద తన పేరు పక్కన భార్య పేరు ఉండకూడదు. మనిషి పక్కన మనిషి ఉండొచ్చు. ఒకే గొడుగులో ఆమెతో నడుస్తాడు, ఒకే పొట్లంలో వేరుశెనగకాయలు తింటాడు, బస్సులో ఆమె భుజం మీద తల వాల్చి శ్రీకాకుళం నుంచి పాతపట్నం దాకా నిద్రపోతాడు. టికెట్లు మాత్రం ఎవరివి వారివే. రెండు పేర్లు ఒక లైనులోకి వచ్చాయంటే ఆయనకి చెమటలు పట్టేస్తాయి.

వాళ్లింటి వీధి తలుపుకి రెండు రెక్కలు. ఎడమ రెక్క మీద 'జగన్నాధం' అని ఒక బోర్డు, కుడి రెక్క మీద 'హైమ' అని ఇంకో బోర్డు. పగలంతా ఒక రెక్కే తీసి ఉంచుతారు కాబట్టి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి ఆ ఇంట్లో ఎవరో ఒకరే ఉంటున్నట్టు కనబడేది. కూతురు బిందు ప్రోగ్రెస్ కార్డు మీద క్వార్టర్లీకి తల్లి సంతకం, హాఫ్ ఇయర్లీకి తండ్రి సంతకం. అవి రెండూ ఒకే పేజీలో పడుతున్నాయని తెలిశాక, హాఫ్ ఇయర్లీకి తాతగారిని నెల్లిమర్ల నుంచి రప్పించాడు. రేషన్ కార్డు ప్రభుత్వంవారిచ్చింది గనక దాని మీద ఆయన జోరు సాగలేదు. దాన్ని బీరువాలో బోర్లా పెట్టి ఊరుకున్నాడు.

ఆయనకి బిరుదిచ్చినవాడు దాలయ్య. జిల్లాలో సగం పెళ్లిళ్లకి చదివింపులు రాసేది, మైకులో చదివేది దాలయ్యే. అక్షరం ముత్యం, గొంతు గంట. ఓ పెళ్లిలో జగన్నాధం రెండు కవర్లు చేతికివ్వగానే, దాలయ్య అలవాటు కొద్దీ ఒకటిగా రాసేసి చదివేశాడు.

"అరసవల్లి వాస్తవ్యులు జగన్నాధం, హైమ దంపతులు, రెండు వందల ముప్పై రెండు..."

"కాదు కాదు! కొట్టీయండి!" జగన్నాధం బల్ల మీద పడ్డంత పని చేశాడు. "ఆవిడది నూట పదహారు, నాది నూట పదహారు. రెండు లైన్లు రాయండి."

"కలిపితే రెండొందల ముప్పై రెండే కదండీ?"

"కలపకండి. అదే కదా నాను సెప్తన్నది!"

మైకు ఆపలేదు. పందిరి మొత్తానికి వినబడింది. ఆ రోజు నుంచి దాలయ్య ఏ పెళ్లికెళ్లినా, జగన్నాధం కనబడగానే పుస్తకంలో స్కేలు పెట్టి రెండు గీతలు గీసి సిద్ధంగా ఉండేవాడు. "రండి రండి, రెండు లైన్ల జగన్నాధంగారూ" అని పిలిచేవాడు.

అందరికంటే గట్టిగా నవ్వేది హైమ తమ్ముడు అప్పలసూరి. పాతపట్నంలో ఒక ధాన్యం వర్తకుడి దగ్గర గుమాస్తా. నవ్వితే పక్క పందిట్లో వాళ్లు కూడా తిరిగి చూస్తారు.

"అక్కా, మీ పెళ్లిలో బావ మూడు ముళ్లు ఏసినాడా, ఒకటిన్నర ఏసి మిగిలింది నిన్నే ఏసుకోమన్నాడా?"

జగన్నాధం కూడా నవ్వేవాడు. ఎవరి మీద వేసిన హాస్యమైనా, అందులో పాల్గొనడానికి ఆయనకి అభ్యంతరం ఉండేది కాదు. ఆ తరవాత కళ్లు మెల్లగా ఎక్కడికో పోయేవి. గుడికెళ్లే రోడ్డులో, రెండు లాడ్జీల మధ్య ఇరుక్కున్న వాచీ రిపేరు కొట్టు ఆయనది. గోడ మీద పన్నెండు గడియారాలు, పన్నెండు టైములు. కంటికి భూతద్దం బిగించి ఒక చిన్న చక్రంలోకి తొంగిచూస్తూ గంటలు గంటలు కూర్చునే మనిషి. పిలిస్తే ఆ చక్రంలోంచి బయటికి రావడానికి ఆయనకి కాసేపు పట్టేది.

ఈ పిచ్చి మొదటి నుంచీ ఉంటే హైమకి బాధ ఉండేది కాదు. పెళ్లినాటి స్టీలు బిందె మీద 'జగన్నాధం - హైమ' అని ఇద్దరి పేర్లూ చెక్కించింది ఈయనే. మధ్యలో ఒక పువ్వు కూడా వేయించాడు. ఓ ఆరేళ్ల కిందట, అంటే రెండువేల పన్నెండులో ఒక మధ్యాహ్నం, ఎక్కడికో వెళ్లొచ్చి, మంచినీళ్లు తాగి, ఆ బిందెని పేర్లున్న వైపు గోడకి తిప్పేశాడు. అప్పటి నుంచి మొదలు. ఎందుకని అడిగితే "ఊరికే" అనేవాడు. హైమ నీళ్లు ముంచుకున్నప్పుడల్లా గోడవైపున్న ఆ పువ్వు గుర్తొచ్చేది.

ఇంకో విడ్డూరం ఏమిటంటే, ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ఆమె పేరు మీదే, అదీ వాయిదాల మీదే రావాలి. గ్రైండరు ఆమె పేరు మీద. కుట్టుమిషను ఆమె పేరు మీద. చేతిలో డబ్బుండి కూడా ఫ్రిజ్జు పన్నెండు నెలల వాయిదాల్లో, ఆమె పేరు మీదే. ప్రతి నెలా నాలుగో తారీకు పొద్దున్న భూతద్దం కంటికే ఉండగా "హైమా, ఈవేళ నాలుగు. రేపు బేంకులో డబ్బుండాలి" అనేవాడు. కొట్లో గడియారాలు ఎలా తిరిగినా, ఆయనకి నాలుగో తారీకు మాత్రం తప్పేది కాదు.

"సూసావా, అప్పుంటే నా నెత్తి మీద. ఆయన పేరు మాత్రం మాసిపోకూడదు" అనుకునేది హైమ.

ఆ ఏడు దసరా ముందు, వీధి చివరి పిండిమర అమ్మకానికొచ్చింది.

ఆ మర అంటే హైమకి ప్రాణం. చోళ్ల డబ్బా, అంటే రాగుల డబ్బా, పట్టుకుని వెళ్లి, పని అయిపోయాక కూడా అక్కడి బల్ల మీద కూర్చునేది. పదకొండు గంటల వేళ రేకు సందులోంచి ఎండ ఏటవాలుగా దిగేది. ఆ వెలుగులో పిండి, పైకీ పోక, కిందకీ దిగక, ఎక్కడికీ తొందర లేనట్టు తేలుతుండేది. మర శబ్దాన్నిబట్టి ఆడుతున్నవి బియ్యమో, చోళ్లో, పెసలో కళ్లు మూసుకుని చెప్పేది. ఆ వెచ్చటి పిండి వాసనలో, మోటారు జోలలో, తనే ఆ గల్లా దగ్గర కూర్చున్నట్టు, కనురెప్పల మీద సన్నటి తెలుపుతో ఇంటికి వెళ్తున్నట్టు ఎన్నిసార్లు అనుకుందో. ఆమె పగటి కలలన్నిటికీ పిండి రంగే.

మర యజమాని నరసింగరావు డెబ్బై ఏళ్లవాడు. మోకాళ్లు సహకరించక అమ్మేస్తున్నాడు.

"సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుంటానని ఒకడొచ్చి మూడు లక్షలిస్తానన్నాడమ్మా. మర పీకీసి ఇనపకొట్లో పడీస్తాడట. నువ్వు నడుపుతానంటే రెండు ఎనభైకే ఇచ్చెస్తాను. కానీ నెలాఖరే గడువు. ఆపైన నా మాట నా కొడుకులు ఇనరు."

హైమ దగ్గర చీటీపాట డబ్బు నలభై వేలుంది. మిగతా రెండు లక్షల నలభై వేలకి బ్యాంకులో చిన్న వ్యాపారాల లోను ఫారం తెచ్చుకుంది. అందులో ఒక గడి ఉంది. 'సహ దరఖాస్తుదారు.' భర్త సంతకం ఉంటే లోను బలంగా ఉంటుందని వీధిలో ప్రతివాళ్లూ చెప్పారు. ఆమె భర్త పేరు రాసి, ఫారం పట్టుకుని కొట్టుకెళ్లింది. పన్నెండు గడియారాల కింద జగన్నాధం ఆ గడి వైపు పాముని చూసినట్టు చూశాడు.

"ఇక్కడొక సంతకం పెట్టండి."

"ఒద్దే హైమా."

"ఒద్దంటే ఏటండి? నాను మర కొనుక్కోడం ఇష్టం నేదా?"

"మర కొనుక్కో. తప్పకుండా కొనుక్కో. నా పేరు మాత్రం కొట్టీ."

"నాను ఎగ్గొట్టీసి పారిపోతాననుకుంటన్నారా?"

"నువ్వెందుకు పారిపోతావు..."

"మరేటి భయం మీకు? పదిహేడేళ్లు కాపరం సేసాను. నాకు మీరు పెట్టాల్సింది ఒక్క సంతకం. ఒక్కటి!"

జగన్నాధం భూతద్దం తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. తీసిన కన్నూ పెట్టుకున్న కన్నూ ఒకటి కాకపోవడంతో ఆయన కంగారు హైమకి అర్థమైంది. జాలి మాత్రం కలగలేదు.

ఆపైన మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. హైమ వండేది, వడ్డించేది, గిన్నె కొంచెం చప్పుడయ్యేలా పెట్టేది. నాలుగో రోజు ఫారం సంచిలో పెట్టుకుని, "ఈవేళ ఆ గడిలో సంతకం పడాలి. నేదంటే మేనేజరు ముందు ఏల పెట్టరో సెప్పండి" అని బ్యాంకుకి బయల్దేరింది. జగన్నాధం కొట్టు మూసి ఆమె వెనకే నడిచాడు, పది అడుగుల దూరంలో. బ్యాంకులో కూడా ఆమె ఒక బెంచీ మీద, ఆయన ఎదుటి బెంచీ మీద కూర్చున్నారు. తగువు పడ్డ పొలాల వాళ్లు అలా కూర్చుంటారు.

లోన్లు చూసే ఆఫీసరు పేరు భరణి. విజయనగరం అమ్మాయి, ముప్పై ఏళ్లుండవు. కంప్యూటరులో హైమ వివరాలు కొట్టి, కళ్లజోడు సర్దుకుంది.

"మీ క్రెడిట్ స్కోరు ఏడు వందల డెబ్బై ఒకటమ్మా."

"అంటే తక్కువేటండి?"

"తక్కువా? ఈ నెలలో నా బల్ల ముందు కూర్చున్నవాళ్లలో మీదే ఎక్కువ. గ్రైండరు, కుట్టుమిషను, ఫ్రిజ్జు, ఒక్క వాయిదా కూడా ఒక్కరోజు లేటు లేదు. ఎవరు నేర్పించారమ్మా ఇంత పద్ధతి?"

హైమకి నాలుగో తారీకులన్నీ ఒక్కసారిగా చెవిలో మోగాయి.

"మరి సహ దరఖాస్తుదారు మీ ఆయన కదా, సంతకం లేదేం?"

ఎదుటి బెంచీ మీంచి జగన్నాధం లేచాడు. జేబులోంచి వాచీ స్ప్రింగులు పెట్టుకునే చిన్న రేకు డబ్బా తీశాడు. అందులోంచి ఎనిమిది మడతలు పెట్టిన కాగితం తీసి, బల్ల మీద హైమ ఫారానికి తగలకుండా దూరంగా పెట్టాడు.

"నాది ఆరు వందల నాలుగండి. ఏడాదికోసారి ఉత్తినే ఇస్తన్నారు కదా, నెట్ సెంటర్లో తీయించుకున్నాను. నా పేరు ఆవిడ కాగితం మీద పడితే ఆవిడ మర పోతాది. ఆవిడకి సెప్పండి మేడమ్, నా మాట ఇనదు."

భరణి కాగితం విప్పింది. చదువుతున్నకొద్దీ ఆమె మొహంలో ఆఫీసు తగ్గుతూ వచ్చింది.

"ఇది మీ అప్పు కాదు. ఎవరికో జామీను ఉన్నారు."

"ఎవరికోలెండి. రెండువేల పన్నెండులో కొట్టు పెద్దది సేద్దామని ఓ బేంకుకెళ్లినాను. అక్కడి పెద్ద మేనేజరుగారు అరటిపండు తింటూ సెప్పారు. 'నీ పేరుకి మచ్చ పడిందయ్యా, నీ పక్కన ఎవరి పేరు రాసినా వాళ్లకీ అంటుకుంటాది' అన్నారు. ఇంటికొచ్చేసరికి బిందె మీద ఇద్దరి పేర్లూ ఒకదాని పక్కనొకటి ఉన్నాయి. నా గుండె ఆగిపోయింది."

భరణి కాగితం బల్ల మధ్యలో పరిచింది.

"బిందె మీద పేర్లుంటే అంటుకోదండి."

"అంటుకోదా?"

"పెళ్లి చేసుకున్నంత మాత్రాన భార్యాభర్తల స్కోర్లు కలవవు. ఎవరిది వాళ్లదే. కలిసి లోను తీసుకున్నా, ఒకరికి ఒకరు జామీను ఉన్నా, ఒకరి క్రెడిట్ కార్డు మీద ఇంకొకరు వాడుకున్నా, అప్పుడు కట్టడంలో తేడా వస్తే దెబ్బ తగుల్తుంది. అంతే."

"చదివింపుల పుస్తకం?"

"లేదు."

"అర్చన టికెట్టు?"

"లేదండి."

"ప్రోగ్రెస్ కార్డు?"

భరణి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. పక్క కౌంటరులో డబ్బు లెక్కపెడుతున్నాయన లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"కానీ ఒకటి చెప్తాను" అంది భరణి. "ఈ ఫారం విషయంలో మాత్రం మీరు నూటికి నూరుపాళ్లూ రైటు. ఇద్దరి పేర్లూ పెడితే ఇద్దరి కాగితాలూ చూస్తారు. మీ పేరుంటే ఇది ఇక్కడే ఆగిపోయేది. ఆమె ఒక్కదాని పేరు మీదైతే నడుస్తుంది."

హైమ అప్పటికే ఆ మడతల కాగితం తన వైపు తిప్పుకుంది. జామీను. వాహన రుణం. రెండువేల పది, ఆగస్టు. మూడు లక్షల పదివేలు. బండి వేలం వేశాక మిగిలిన బాకీ డెబ్బై నాలుగు వేలు, నెలకి పదిహేను వందల చొప్పున కట్టి, ఈ ఏడు జనవరికి పూర్తి.

రెండువేల పది ఆగస్టు. అరసవల్లి గుడి ముందు కొత్త వ్యానుకి నిమ్మకాయలు తొక్కించి, పూలదండ వేసింది తనే. ఆ వ్యాను అప్పలసూరిది. వెనక ఎర్రరంగుతో 'అక్క దీవెన' అని రాయించాడు. ఏడాదిన్నర తిరక్కుండా, కిరాయిల్లేక బ్యాంకువాళ్లు పట్టుకుపోయారు. పీడా పోయింది, బండితోపాటే అప్పూ పోయింది అని చేతులు దులుపుకుని వాడు పాతపట్నం వెళ్లిపోయాడు. హైమా అలాగే అనుకుంది. అలా అనుకోనిచ్చిన మనిషి ఇప్పుడు బ్యాంకు గోడ వైపు దీక్షగా చూస్తున్నాడు.

"మావోడి బండి కదండీ ఇది?" అంది హైమ మెల్లగా.

"మేడమ్, మీ గడియారం నాలుగు నిమిషాలు వెనకుంది" అన్నాడు జగన్నాధం. "బేటరీ కాదు. పెద్దముల్లు అద్దానికి తగుల్తన్నాది."

"మిమ్మల్నే. ఆరేళ్లు నాకేల సెప్పలేదు?"

"సెప్తే నువ్వు తమ్ముడితో మాటాడ్డం మానీస్తావు. రాఖీ కట్టడానికి నీకింకెవరున్నారే?"

హైమకి ఏడుపు రాబోయింది. ఇంతలో ఆయన "మరి గేస్ బుక్కు పరవాలేదా మేడమ్?" అని అడిగేసరికి, అది మధ్యదారిలో నవ్వయిపోయింది.

భర్త పేరున్న గడిని భరణి అడ్డంగా కొట్టేయించింది. హైమ ఒక్కతే సంతకం పెట్టింది. నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా లోను వచ్చింది. నరసింగరావు తాళాలు ఆమె చేతిలో పెట్టి, ఏ చక్రానికి ఏ వారం నూనె వెయ్యాలో చెప్పబోతే, హైమే ముందు చెప్పేసింది. మర్నాడు పదకొండు గంటలకి రేకు సందులోంచి ఎండ దిగింది. పిండి తేలింది. గల్లా దగ్గర కూర్చుని హైమ కళ్లు మూసుకుని, "చోళ్లు" అంది. చోళ్లే.

జగన్నాధం మధ్యాహ్నాలు కొట్టు మూసి వచ్చి మరలో బల్ల మీద నిద్రపోవడం మొదలుపెట్టాడు. లేచేసరికి మీసం, కనుబొమలు తెల్లబడి, ఆయనే నరసింగరావులా ఉండేవాడు. ఇంట్లో బిందె మాత్రం గోడ వైపే ఉంది. హైమ తిప్పితే ఆయన మళ్లీ తిప్పేవాడు. "ఆ అమ్మాయి సిన్నపిల్ల. పెద్ద మేనేజరుగారు మరోలా సెప్పారు కదా" అనేవాడు. ఆరేళ్ల భయం ఒక్క కళ్లజోడుకి పోదు. సంక్రాంతి వెళ్లిన వారానికి ఆమె తిప్పింది, ఆయన చూశాడు, ఊరుకున్నాడు.

మాఘమాసంలో పాతపట్నంలో అప్పలసూరి మరదలి పెళ్లి. పందిట్లోకి అడుగుపెట్టగానే అప్పలసూరి నవ్వు మొదలుపెట్టాడు.

"రా బావా, రా! ఎన్ని విస్తళ్లు ఎయ్యమన్నావు? నీకో పందిరి, అక్కకో పందిరి ఏయించనా?"

"ఒరే సూరీ" అంది హైమ. "నీ వ్యాను ఎనక ఏటి రాయించావురా?"

"అక్క దీవెన. ఇప్పుడది ఏల?"

"దాని కింద బావ దీవెన అని ఇంకో లైను రాయించాల్సిందిరా. ఆ బండి బాకీ ఆఖరి వాయిదా పోయినేడు జనవరిలో కట్టారు."

అప్పలసూరి నోరు నవ్వడానికి తెరిచినట్టే ఉండిపోయింది. బండి పోయి ఏడేళ్లు. వాయిదా పోయినేడు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. బావ వైపు చూశాడు. జగన్నాధం కల్యాణమంటపం గడియారాన్ని పరీక్షగా చూస్తున్నాడు. అప్పలసూరి లోపలికెళ్లి, వంటవాళ్లని పక్కకి తోసి, పళ్లెం నిండా జీడిపప్పు పాకం పట్టుకొచ్చి, బావ చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడ్డాడు.

"తిను బావా."

"ఇంతేలరా? మీ అక్కకో?"

"అక్కకి సెపరేటు ఏటి? ఇద్దరూ ఇందులోనే తినండి."

చదివింపుల బల్ల దగ్గర దాలయ్య ఆయన్ని దూరం నుంచే చూసి, స్కేలు తీసి, శ్రద్ధగా రెండు గీతలు గీశాడు. జగన్నాధం జేబులోంచి కవరు తీశాడు. ఒక్కటే ఉంది. దాలయ్య రెండో దానికోసం చెయ్యి చాపే ఉంచాడు.

"ఇంకోటండీ?"

"ఒకటే" అన్నాడు జగన్నాధం. కొంచెం చెమట పట్టింది. హైమ వైపు వంగి, "బేంకు మేడమ్‌ని మళ్లీ అడిగావు కదా? ఇది లెక్కలోకి రాదు కదా?" అన్నాడు.

"రాదండి."

దాలయ్య తను గీసిన రెండో గీతని కాసేపు చూసి, దాని మీద ఇంటూ పెట్టాడు. తరవాత మైకు దగ్గరికి లాక్కుని గొంతు సవరించుకున్నాడు.

"అరసవల్లి వాస్తవ్యులు జగన్నాధం, హైమ దంపతులు, రెండు వందల ముప్పై రెండు రూపాయలు."